అడిగితేనే నీళ్ళు

ఇది సముద్రాలు దాటి, మహానగరాలు దాటి, ఎడారి అంచు దాకా పోయిన ఒక వీరుడి కథ. పోగొట్టుకున్నదాన్ని వెతుక్కుంటూ ఆయన ఊరూరూ తిరిగినాడు. చేతిలో ఆయుధం, పక్కన నమ్మిన తోడు, ముందర రథం నడిపే సారథి. పర్వాలు పర్వాలుగా చెప్పుకోవాల్సిన సంగతి. మీరు కాళ్ళు చాపుకొని కూచుంటే తెల్లారేదాకా చెప్తాను.

నిజానికి అంత లేదు. మా పెదనాయన అన్నం తినడం మానేసినాడు. ఏదో ఒకటి తినిపించుకొని రమ్మని నన్ను తోడిచ్చి అమెరికాకు పంపినారు. పోగొట్టుకున్నది ఆకలి. ఆయుధం మగ్గంలో పోగు అటూ ఇటూ తీసుకుపోయే నాడె. నమ్మిన తోడు నేను, అప్పటికి డిగ్రీ అయిపోయి ఇంట్లో ఖాళీగా ఉండేదాన్ని. రథం ఒక పాత వ్యాను, వెనక సీట్లో ఎక్కినవాళ్ళకు నడుము పట్టుకునేది. కూచోమన్నాను గదా అని కాళ్ళు చాపుకోకండి, తొందరగానే అయిపోతుంది.

ఇదంతా ఇప్పుడెందుకంటే, పోయిన వారం ధర్మవరంలో మా ఇంట్లో మగ్గం గుంత పూడ్చినాము. పెదనాయన మోకాళ్ళు ఇంక ఆ గుంతలోకి దిగి ఎక్కడం మా వల్ల కాదని తేల్చి చెప్పినాయి. మగ్గం విప్పి కట్టెలు మిద్దె మీద పెట్టినాము. ఆ జాగాలో టైల్సు పరిచి ఫ్రిజ్జు పెట్టాలని మాయమ్మకు చాన్నాళ్ళ కోరిక. ట్రాక్టరు మట్టి వచ్చేలోగా గుంత చిమ్మమని నన్ను దింపినారు. మా తాత, ఆయన నాయన, పెదనాయన, అందరి కాళ్ళూ ఆడిన గుంత. దిగితే గుండె బరువెక్కుతుందేమోనని కాసేపు ఆగి చూసినాను. తుమ్ము వచ్చింది. తెగిన పట్టుపోగులు, ఎండిపోయిన తమలపాకు తొడిమలు, పళ్ళూడిన దువ్వెన, మూలలో ఒక ఎర్ర ప్లాస్టిక్ గ్లాసు. పొడుగ్గా, పైనుంచి కిందిదాకా గీతలతో, మా వైపు ఏ పాత్రల అంగట్లోనూ దొరకని రకం. దాన్ని చేత్తో తుడుస్తుంటే తుమ్ము ఆగిపోయింది. అలసట మాత్రం, ఆ అమెరికా ప్రయాణంనాటి అలసటే, మళ్ళీ వచ్చి భుజాల మీద కూచుంది.

గ్లాసు సంగతి చెప్పాలంటే ముందు మా ఇంట్లో నీళ్ళ సంగతి చెప్పాల. మా ఇంట్లో నీళ్ళకుండే మర్యాద మనుషులకు ఉండేది కాదు. కొళాయి ఏ దినం వస్తుందో కొళాయికే తెలియదు. వచ్చిన దినం పెద్దమ్మ, అంటే పెదనాయన భార్య, ఇంట్లో నీళ్ళు నిలిచే ప్రతి వస్తువునీ వాకిట్లో వరసకు పెట్టేది. బిందెలు, బక్కెట్లు, కుక్కరు, టిఫిన్ డబ్బాలు, నా స్కూలు బాటిలు, కడకు దాని మూత కూడా. ఆ దినం ఇంట్లో తడి సిమెంటు వాసన, రాగి బిందె తోమిన చింతపండు వాసన, లోపల మగ్గం కాడినుంచి గంజి పెట్టిన పట్టు వాసన, మూడూ కలిసి వచ్చేవి. పండగంటే నాకు ఇప్పటికీ ఆ వాసనే. మిగతా పండగలకు కొత్త బట్టలు ఉండేవేమో గాని నీళ్ళు ఉండేవి కావు.

పెద్దమ్మ నియమం ఒకటే. పోసేముందు అడుగుతుంది. వద్దంటే పోయదు, ఏమీ అనుకోదు. కావాలంటే సగం గ్లాసే పోస్తుంది. పోయించుకున్నవాళ్ళు చివరి చుక్క దాకా తాగాల. మిగిల్చినారా, ఆ గ్లాసు తీసుకొని పెరట్లోకి పోయి, వాళ్ళకు వినపడేటట్టే మాట్లాడుతూ కరివేపాకు చెట్టు మొదట్లో పోసేది. "తాగవే తల్లీ, ఇవి మున్సిపల్ గుమస్తా వదిలిన నీళ్ళు. ఆయప్పకు ఎక్కువైనాయంట." ఆ చెట్టు ధర్మవరంలో సగంమంది పెద్దమనుషుల ఎంగిలి తాగి పెరిగింది. కూరలో వేస్తే మంచి వాసన వచ్చేది.

పెదనాయన ఆ నియమంలో ముదిరిపోయిన మనిషి. పొద్దున లేస్తూనే చెంబు ఎత్తి, పెదాలకు తగలకుండా పైనుంచి పోసుకొని, షుగరు మాత్ర మింగి, గుంతలో దిగేవాడు. కిందపడేది చుక్క కూడా ఉండేది కాదు. నేత ఎంత నేర్పుతో నేసేవాడో నీళ్ళు అంత నేర్పుతో తాగేవాడు. జనం నేతను మెచ్చుకునేవాళ్ళు. పెద్దమ్మ రెండోదాన్ని.

మార్తా మా ఇంటికి వచ్చింది ఆ రోజుల్లోనే. అమెరికాలో చేత్తో బట్ట నేయడం సరదాగా నేర్చుకునే ఆడవాళ్ళ సంఘం ఒకటి ఉందంట, దాంట్లో ఆమె పెద్ద. బడిలో టీచరుగా చేసి రిటైరైన మనిషి. లేపాక్షి చూడ్డానికి వచ్చి, పట్టుచీర నేసేది చూపించమని ఎవరినో అడిగి, మా గుంత పక్కన పొద్దంతా కూచుంది. మధ్యాన్నం మా పెద్దమ్మ సంగటి ముద్ద, శనక్కాయ ఊరిబిండి పెడితే కళ్ళలో నీళ్ళు కారుతున్నా తినింది. గ్లాసులో నీళ్ళు మాత్రం, మన నీళ్ళు పడవేమోనని భయపడి, ఒక గుటక వేసి వదిలేసింది.

పెద్దమ్మ గ్లాసు ఎత్తుకొని పెరట్లోకి నడిచింది. "తాగవే తల్లీ. ఇవి అమెరికా ఆయమ్మవి. తాగేదానికి కాకపోతే ఎందుకు పోయించుకున్నట్టో!"

"ఏమంటున్నారు?" అని మార్తా నన్ను అడిగింది.

"మీరు మళ్ళీ రావాలంట" అన్నాను. ఆ దినంతో నా దుబాసీ ఉద్యోగం మొదలైంది.

ఆ అబద్ధానికి మార్తా కరిగిపోయి, మీరే, మొగుడూ పెండ్లాలిద్దరూ, మా దేశానికి రావాలని పెద్దమ్మ చేతులు పట్టుకుంది. మా సంఘం వాళ్ళు ఊరూరా పిలుస్తారు, మగ్గం చూపించండి, నేను వ్యాన్‌లో తిప్పుతాను అని. చాన్నాళ్ళకు నిజంగానే పిలుపు వచ్చింది. అప్పటికి పెద్దమ్మ లేదు. జ్వరమని ఆస్పత్రిలో చేర్చినాము, తిరిగి రాలేదు. ఆఖరి దినం కూడా సెలైన్ సీసాలో అడుగున మిగిలిపోయిందని నర్సుతో గొడవ పెట్టుకుంది. ఆమెకు అనుకున్న సీటులో నేను కూచున్నాను.

పెద్దమ్మ పోయినాక పెదనాయన ఏడవలేదు, మాట్లాడడం మానలేదు, తాగుడు మొదలుపెట్టలేదు. మామూలుగానే లేచి, మామూలుగానే గుంతలో దిగేవాడు. తినడం ఒక్కటే పోయింది. మాయమ్మ కంచం పెడితే ముద్ద చిదిమి, చుట్టూ గిన్నెల్లో ఏముండాయో మర్యాదగా చూసి, "కడుపులో తిప్పుతాండాది మ్మే, తీసేయ్" అనేవాడు. ఓళిగలు చేసినా అదే, నాటుకోడి వండినా అదే. అనంతపురం తీసుకుపోయి రక్తం తీయించినాము, పొట్ట స్కానింగు తీయించినాము. అన్నీ బాగుండాయి, మనసే బాగలేదు అన్నాడు డాక్టరు. మనసుకు ఏ మాత్ర రాయాలో తెలియక బలానికి రాసినాడు. నాడె విసిరే చెయ్యి నీరసపడి నేత వదులైంది. పంచె నడుం మీద నిలవక తాడు కట్టుకున్నాడు. ఈ లెక్కన ఈ మనిషి వచ్చే దసరా చూడడని వీధిలో అందరికీ తెలుసు, ఎవరూ పైకి అనలేదు. అంతమంది ఒకేసారి నోరు మూసుకోవడం మా వీధిలో నేనెప్పుడూ చూడలేదు.

అమెరికాకు పోయే దినం నాయన నన్ను పక్కకు పిలిచినాడు. మా నాయన చీరల బేరాల్లో తప్ప గొంతు పెంచని మనిషి. "పాపా, ఆడ ఇంగ్లీషు నువ్వెట్లన్నా మాట్లాడు. చీరలు అమ్ముడుపోకపోతే పోనీ. ఇంటి తిండి తినడంల్యా, ఏదన్నా కొత్త తిండి నాలుకకు తగిలితేనన్నా లేస్తాడేమో. మాయన్న ఒక్క పూట కడుపునిండా తినినాడని ఫోన్ చెయ్. నేనీడ్నే కూచోనుంటా." అని ఫోను జేబులో పెట్టుకొని అప్పటినుంచే కూచున్నాడు. మేమింకా బస్సే ఎక్కలేదు.

ఫిలడెల్ఫియాలో మొదటి పూట. మార్తా మమ్మల్ని ఒక చిన్న హోటలుకు తీసుకుపోయింది. కూచున్నామో లేదో, నా ఈడు పిల్ల ఒకతి వచ్చి నవ్వి, మమ్మల్ని ఏమీ అడక్కుండానే ముగ్గురి ముందర ఇంతింత పొడుగు గ్లాసులు పెట్టి నిండా నీళ్ళు పోసింది. సగం ఐసుగడ్డలే. పెదనాయన అలవాటు ప్రకారం గ్లాసు పైకెత్తి వంచినాడు. ఐసు అడ్డంపడి నీళ్ళు రాలేదు. ఇంకొంచెం వంచినాడు. ఈసారి ఐసంతా ఒక్కసారిగా వచ్చి ముక్కు మీద పడింది. పక్క టేబులోళ్ళు చూడనట్టు చూసినారు. ఆయన ఏమీ జరగనట్టు ఐసుగడ్డలు ఏరి గ్లాసులో వేసి, కరిగేదాకా ఆగి, చివరి చుక్క దాకా తాగి కింద పెట్టినాడు. ఆ పిల్ల పరిగెత్తుకుంటూ వచ్చి మళ్ళీ నింపింది.

"పాపా, నేనడగలేదే."

"అడగకపోయినా పోస్తారు పెదనాయనా. ఊరికే."

"తాగకపోతే?"

"పారబోస్తారు."

ఆ మాట నేను అనకుండా ఉండాల్సింది. ఆయన గ్లాసు వైపు కాసేపు చూసి, పని ముగించే మనిషి మాదిరి ఎత్తి తాగినాడు. పిల్ల నింపింది. ఆయన తాగినాడు. ఇద్దరూ మర్యాదస్తులే. గ్లాసు ఖాళీగా ఉంచితే ఆమెకు నామర్దా, నిండుగా వదిలితే ఈయనకు నామర్దా. గుడ్లు, వేయించిన ఉర్లగడ్డలు వచ్చేటప్పటికి పెదనాయన నడుం తాడు వదులు చేసుకుంటున్నాడు. "కడుపు నిండిపోయినాది మ్మే" అన్నాడు. మార్తా జాలిపడింది. "పాపం, ఎంత దాహంతో ఉన్నాడో" అని చెయ్యెత్తి ఆ పిల్లను పిలిచి ఇంకొన్ని నీళ్ళు తెమ్మంది.

బయటికి వచ్చినాక బండి మీద ఆ ఊరి పేరుపడ్డ మెలికల రొట్టె అమ్ముతుంటే కొనిచ్చినాను. పెదనాయన దాన్ని అటూ ఇటూ తిప్పి, మెలిక ఎట్లా వేసినారో వేలితో పోగు పట్టుకున్నట్టు పట్టుకొని చూసి, "ముడి బాగేసినాడు" అని నా చేతికిచ్చినాడు. నేనే తిన్నాను. ఆ ప్రయాణంలో నేను తిన్నవన్నీ అట్లా తిన్నవే. ఒక్క మనిషికి ఆకలి తెప్పించడానికి పోయి ఇద్దరి తిండి తిని, దేశంలోకి లావై దిగినాను.

అప్పటినుంచి నా యుద్ధం నీళ్ళతో. ఒక హోటల్లో గ్లాసు మీద అరచెయ్యి అడ్డం పెట్టినాను. నిమ్మకాయ నీళ్ళు తెచ్చినారు. ఇంకో ఊర్లో గ్లాసు బోర్లించినాను. మురికిగా ఉందని అనుకున్నారేమో, క్షమాపణ చెప్పి కొత్త గ్లాసు నిండా తెచ్చి పెట్టినారు. వద్దని నోటితో చెప్తే, విన్న పిల్ల తలూపి పోతుంది, అది తెలియని ఇంకొకడు జగ్గు పట్టుకొని వస్తాడు. పెదనాయనకు వదిలేయమని చెప్పి చూసినాను. "నువ్వు తాగు పోనీ" అన్నాడు. తాగినాను. తరువాత ఇద్దరమూ వ్యాను ఆపమని అడిగేవాళ్ళం. మార్తా భూగోళం అంతా ఊర్ల పేర్లతో ఉంటే, మా పెదనాయనది పాయిఖానాలతో. "ఆడ గడియ బాగుండె సూడు, ఆ ఊరు" అనేవాడు.

ఊర్లు మారుతున్నాయి. వారానికి మూడు నాలుగు చోట్ల మగ్గం. వ్యాన్‌లో తీసుకుపోయే చిన్న మగ్గాన్ని లైబ్రరీల్లో, చర్చి పక్క హాళ్ళలో బల్ల మీద పెట్టేవాళ్ళం. గుంత లేదు గనక పెదనాయన కుర్చీలో కాళ్ళు వేలాడేసుకొని నేసేవాడు. కళ్ళద్దాల పెద్దావిడలు చుట్టూ కూచొని, నాడె అటునుంచి ఇటు రాగానే చప్పట్లు కొట్టేవాళ్ళు. మొదటిసారి ఆయన ఉలిక్కిపడి, "ఏమైంది పాపా, తెగిందా?" అని అడిగినాడు. మధ్యలో తీరిక దొరికితే మార్తా చుట్టుపక్కల ఏదో ఒక ఊరికి తిప్పేది, ఆ ఊరికి ఏదో ఒక తిండి పేరుపడి ఉండేది, నేను నాయన ఫోను తలుచుకొని ఆశపడేదాన్ని. షికాగోలో దిండు మందాన ఉండే పిజ్జా వస్తే, "ఇది ఎవరి పెండ్లికి?" అన్నాడు. ఒహాయోలో ఆపిల్ పెట్టి కాల్చినది తుంచి నోట్లో పెట్టుకొని, ఓళిగ చెయ్యబోయి పప్పు మర్చిపోయినారన్నాడు. టెనెస్సీలో మొక్కజొన్న నూకతో తెల్లగా సంగటి మాదిరే వండినది కనపడితే నా ప్రాణం లేచి వచ్చింది. చెంచాతో ఎత్తి వదిలి చూసినాడు. జారిపోయింది. "సంగటి ఇట్లా జారితే మాయమ్మ గిన్నె మా నెత్తిన బోర్లించేది" అని పక్కన పెట్టినాడు. నీళ్ళు మాత్రం ప్రతి ఊర్లోనూ రుచి చూసి తీర్పు చెప్పేవాడు. ఫిలడెల్ఫియా నీళ్ళు మందు వాసన. షికాగోవి చెరువు నీళ్ళు, తియ్యగుండాయి. టెనెస్సీవి కొండ నీళ్ళు, బిడ్డలకు మంచివి. అమెరికాను అంత శ్రద్ధగా తాగి చూసిన మనిషి ఇంకొకడు ఉండడు.

జార్జియాలో ఇంక కథ ముగిసిపోయిందనే అనుకున్నాను. రోడ్డు పక్కన ఒక ముసలాయన పెద్ద కడాయిలో ఉప్పేసి శనక్కాయలు ఉడకబెడుతున్నాడు. శనక్కాయలు! మా జిల్లా అంతా పండినా ఎండినా దాని పేరే చెప్పుకుంటుంది. వ్యాను ఆపించి, వేడి పొట్లం తెచ్చి పెదనాయన ఒళ్ళో పెట్టినాను. ఆవిరి ముఖానికి తగిలింది. ఆయన కళ్ళు మూసుకున్నాడు. మార్తా అద్దంలోంచి చూస్తూ చేత్తో నోరు మూసుకుంది. నేను ఫోను చేతిలోకి తీసుకున్నాను. పెదనాయన ఒక కాయ ఒలిచి, గింజ నమిలి, కళ్ళు తెరిచినాడు.

"పోయిన ఏటి కాయ. పైగా ఇంతుప్పా?"

కిటికీ లోంచి ఉమ్మేసినాడు. ఉప్పుకు దాహమై బాటిలు నీళ్ళు తాగినాడు. ఫోను మళ్ళీ సంచిలో పెట్టుకున్నాను. ఆ పూట నిజంగా ఏడుపొచ్చింది. ఆయన మణికట్టు ఎముక అంత బయటికి రావడం అంతకుముందు చూడలేదు. శనక్కాయలకే లేవని మనిషి ఇంక దేనికి లేస్తాడు? మార్తా వెనక్కి చెయ్యి చాపి నా మోకాలు తట్టింది. ఆ పొట్లం కూడా నేనే తిన్నాను. ఉప్పెక్కువే.

న్యూ ఆర్లియన్స్‌లో చక్కెర పొడి కుప్పగా పోసిన బూరెలు తెప్పిస్తే, పెదనాయన పెట్టిన నిట్టూర్పుకు పొడంతా లేచి మార్తా జాకెట్టు మీద వాలింది. తినడం సంగతి సరేసరి. దానికి తోడు మరునాడు టెక్సాస్‌లో చాలా దూరం పోయినాక ఆయన నడుం తడుముకొని, వక్కాకు సంచి లాడ్జిలో మంచం మీదే మర్చిపోయినానన్నాడు. దాంట్లో ఆకులు, వక్కలు, షుగరు మాత్రలు. నేను లబోదిబోమన్నాను. వెనక్కి పోదామంటే ఆ ఊరు అప్పటికే ఒక పూట ప్రయాణం. "పోనీలే మ్మే. చక్కెర తింటేగదా చక్కెర జబ్బు" అన్నాడు. మార్తా తన సంఘం వాళ్ళకు ఫోన్లు చేస్తే, ముందర పోయే ఊర్లో డాక్టరుకు చూపిద్దామన్నారు. టెక్సాస్ మాత్రం అయిపోవడం లేదు. ఆ దినం, మరునాడు, అదే రోడ్డు. పచ్చదనం పలచబడింది, చెట్లు పొదలైనాయి, పొదలు ముళ్ళైనాయి. నేను నిద్రపోయి లేచి చూస్తే నేల ఎర్రగా ఉంది. పొడుగాటి వంతెన, కింద నది జాగాలో ఇసుక. దూరంగా బోడి గుట్టలు. న్యూ మెక్సికో వచ్చినామంది మార్తా.

పెదనాయన కిటికీకి ముఖం ఆనించి చూస్తున్నాడు. "ముదిగుబ్బ గదమ్మే ఇది! ఇంతదూరం విమానమెక్కినామే, మనూరి బస్సెక్కినా దిగుతాంటిమి."

ఆ ఊరి పేరు నాకు గుర్తులేదు. ఒకటే వీధి, ఒక పెట్రోలు బంకు, ఒక హోటలు. లోపలికి పోయి కూచున్నాము. ఎవరూ రాలేదు. టేబుల్ మీద గ్లాసులు లేవు. జగ్గు లేదు. పెదనాయన రెండు చేతులూ టేబుల్ మీద పెట్టుకొని ఎదురుచూస్తున్నాడు, వచ్చే యుద్ధానికి సిద్ధపడినట్టు. గోడ మీద అట్టముక్క వేలాడుతుంటే నేను చదివినాను. వానల్లేక ఊరి బావులు అడుగంటుతున్నాయంట. నీళ్ళు కావల్సినవాళ్ళు అడగండి, అడిగితేనే ఇస్తాము అని. తెలుగులో చెప్పినాను.

"అడిగితేనేనా?"

"అడిగితేనే."

పెదనాయన భుజాలు కిందికి దిగినాయి. వచ్చినప్పటినుంచి ఆయన అంత నింపాదిగా కుర్చీలో వెనక్కి ఆనుకొని కూచోడం అప్పుడే చూసినాను. జడ వేసుకున్న పెద్దావిడ ఒకామె వచ్చింది, హోటలు ఆమెదే. ఆవు మాంసం లేనిదేముందని నేను మామూలు ప్రశ్న అడిగితే, మట్టి మూకుడులో ఉడికిన చిక్కుడు గింజలు, పెనం మీద కాల్చిన మెత్తటి రొట్టెలు, నిప్పు మీద కాల్చి తొక్క తీసిన పచ్చి మిరపకాయలు తెచ్చి పెట్టింది. ఆ కాలిన మిరపకాయ వాసన రాగానే పెదనాయన ముక్కు కదిలింది. రొట్టె తుంచినాడు. గింజలు అద్దినాడు. మిరపకాయ చీల్చి పైన పెట్టుకున్నాడు. నమిలినాడు. నేను ఊపిరి బిగబట్టలేదు, శనక్కాయలప్పుడు బిగబట్టి మోసపోయినాను గనక. ఇంకో తుంపు. ఇంకోటి. రొట్టె అయిపోయింది. ఆయన తలెత్తకుండానే, "ఇంకొకటి తెమ్మను" అన్నాడు.

"పెదనాయనా?"

"తినేటప్పుడు పలకరిస్తారామ్మే? తెమ్మను."

తెచ్చింది. అదీ అయిపోయింది. గింజల గిన్నె రొట్టెతో తుడిచినాడు. నా పళ్ళెంలోదీ లాక్కున్నాడు. ఆ ప్రయాణంలో నా తిండి నాకు దక్కకపోవడం అదే మొదలు. మార్తా కిటికీ వైపు తిరిగి కళ్ళద్దాలు తుడుచుకుంటోంది. మిరపకాయ ఘాటని ఆమె అంది. నేనూ అదే అనుకున్నాను.

చేతులు దులుపుకొని అప్పుడు ఆయన నీళ్ళడిగినాడు. హోటలామె ఈ ఎర్ర గ్లాసులో తెచ్చింది. సగమే. ఐసు లేదు. ఆయన సగం గ్లాసు వైపు చానాసేపు చూసినాడు. తరువాత ఎత్తి, ఒక్క చుక్క ముక్కు మీద పడకుండా, ధారగా తాగి, ఖాళీ గ్లాసు ఆమె చేతికిచ్చినాడు. ఆమె గ్లాసు అడుగు చూసి నవ్వింది. తుడిచినట్టు తాగినావే, ఇది నువ్వే ఉంచుకో అని మళ్ళీ ఆయన చేతిలోనే పెట్టింది.

"మా ఇంటామె గూడా ఇట్లే సగమే పోస్తాండె అని చెప్పు పాపా" అన్నాడు.

దుబాసీగా నేను అబద్ధాలు చెప్పినాను గాని మాట ఎగ్గొట్టింది ఆ ఒక్కసారే. గొంతులో ఏదో అడ్డం పడింది. మిరపకాయ. నిజంగానే మిరపకాయే, దగ్గి ఉమ్మినాను కూడా.

బయటికి వచ్చి నాయనకు ఫోను చేసినాను. ఒక్క రింగుకే ఎత్తినాడు.

"తినినాడు నాయనా. కడుపునిండా. అడిగి పెట్టించుకున్నాడు."

అవతల ముక్కు చీదిన చప్పుడు.

"ఏం తినినాడు?"

"రొట్టె. పప్పు మాదిరి గింజలు. కాల్చిన మిరపకాయ."

"దానికి అంతదూరం యాల పోయినారు?"

ఆ తరువాత ప్రయాణం సగం మిగిలింది. ప్రతి ఊర్లోనూ తినినాడు. ఇట్లా తింటుంటే ఇంక డాక్టరెందుకని ఆ మాటే మర్చిపోయినాము. నచ్చినవీ నచ్చనివీ తిడుతూ తినినాడు. గ్లాసు తనదే తీసుకుపోయి, సగం చూపించి పోయించుకునేవాడు. మేము ధర్మవరం తిరిగి వచ్చేటప్పటికి పంచె తాడు అక్కర్లేకుండా నిలిచింది. వీధిలో మళ్ళీ నోళ్ళు తెరుచుకున్నాయి. దేశం తిరిగితే దుఃఖం పోతుందన్నారు కొందరు. పెద్దమ్మే ఆ హోటలామె రూపంలో వచ్చి పెట్టిందన్నారు ఇంకొందరు. నాకు తెలిసి పెద్దమ్మ అమెరికాకు వచ్చుంటే ముందు ఫిలడెల్ఫియాలో ఆగి ఆ పిల్లతో గొడవ పెట్టుకొని ఉండేది. నా సిద్ధాంతం నాది. నీళ్ళు పోసి పోసి ఆకలిని చంపే దేశంలో, నీళ్ళ కరువున్న ఊరే మా మనిషిని బతికించిందని. చెప్పుకోడానికి బాగుంటుంది. ఇన్నాళ్ళూ అదే చెప్పుకున్నాను.

ఇప్పుడు గుంత పూడింది. మట్టి తొక్కి, పైన టైల్సు పరిచినారు. ఫ్రిజ్జులో బాటిళ్ళు వరసగా చల్లగా ఉంటాయి, వీధి చివర క్యాన్లు అమ్మే అంగడి, ఇంటికే తెచ్చి వేస్తారు. కొళాయి వచ్చే దినం ఎప్పుడో ఇంట్లో ఎవరికీ గుర్తుండదు. పెండ్లిళ్ళకు పోతే సగం తాగి వదిలేసిన చిన్న బాటిళ్ళు భోజనాల బంతుల కింద దొర్లుతుంటాయి. ఆ లెక్కన పెద్దమ్మకు ఒక కరివేపాకు అడవి కావాల. మంచిదే, ఎవరూ బిందెలు మొయ్యక్కర్లేదు, మాయమ్మ నడుము నొప్పి తగ్గింది. మార్తా పండగలకు ఫోను చేస్తుంది, మోకాళ్ళ నొప్పులని ఆమె, మోకాళ్ళ నొప్పులని ఈయన, మధ్యలో తర్జుమాకు నేను. అన్ని ఊర్లు తిరిగి అంతమందికి నేసి చూపించిన నేత మిద్దె మీద కట్టెలై ఉంది. తలుచుకుంటే బాధ కూడా సరిగా రాదు, ఆవలింత వస్తుంది.

ఎర్ర గ్లాసు కడిగి పెదనాయన ముందర పెట్టినాను. గుర్తుపట్టి, "యాడ దొరికె ఇది?" అన్నాడు. సంగటి ముద్ద, ఊరిబిండి శుభ్రంగా తినేసినాడు. గ్లాసులో సగం నీళ్ళు పోసిస్తే, లోపలినుంచి మాయమ్మ అరిచింది. "బావా, మాత్రేసుకున్న్యావా?"

"తినినాకనే గదా" అని ఈయన మాత్ర మింగి, గ్లాసు ఖాళీ చేసినాడు.

ఆ మాట అనంతపురం డాక్టరుది. అమెరికా నుంచి రాగానే, సంచి పోయినప్పటినుంచి షుగరు మాత్ర మింగలేదని నాయన భయపడి తీసుకుపోయినాడు. డాక్టరు అంతకుముందు ఎవరూ అడగని మాట అడిగినాడు, మాత్ర ఎప్పుడేసుకుంటావని. పొద్దున లేస్తూనే అన్నాడు పెదనాయన. ఎప్పటినుంచి అంటే, ఇంటామె పోయినప్పటినుంచి అన్నాడు. అంతకుముందు లేవగానే మింగుతానని ఆయన చెయ్యి చాపితే, పెద్దమ్మ డబ్బా దాచిపెట్టి, తిన్నాక ఇంకొకటి మింగించేదంట, మొదట చేతిలో పెట్టింది ఉత్త జీలకర్ర గోళీయంట. అది మా ఎవరికీ తెలియదు, ఆ దినం పెదనాయన నోటితోనే విన్నాము. ఆ రకం షుగరు మాత్ర కొందరికి పరగడుపున పడదు. కడుపులో తిప్పుతుంది, ఆకలి పోతుంది. అన్నం తిన్నాక వేసుకోవాల.